నర్సింగ్‌కి జీతం కోసం వచ్చానని చెప్పొచ్చు

పోయిన నెల ఒక రాత్రి పదకొండు గంటలకి మా అక్క కూతురు వాట్సాప్‌లో ఒక పేజీ పంపింది. జర్మనీలో నర్సు ఉద్యోగానికి అప్లై చేస్తోంది. బీఎస్సీ నర్సింగ్ అయిపోయి రెండేళ్లు దాటింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తూనే, నైట్ డ్యూటీ దిగి నేరుగా జర్మన్ క్లాసుకి వెళ్లి, బీ1 పరీక్ష గట్టెక్కింది. ఇప్పుడు అక్కడి ఆసుపత్రికి మోటివేషన్ లెటర్ అని ఒకటి రాయాలట. నర్సింగ్ ఎందుకు ఎంచుకున్నావు, ముందుముందు ఏం చేయాలనుకుంటున్నావు అన్నది అందులో చెప్పాలి. ముందు తెలుగులో రాసుకుని తర్వాత జర్మన్‌లో పెట్టుకుందామని నాకు పంపింది. "ఒకసారి చూడు పిన్నీ" అని కింద వాయిస్ మెసేజ్.

మొదటి వాక్యం ఇది: "చిన్నప్పటి నుంచీ రోగులకి సేవ చేయాలన్నదే నా కోరిక."

చిన్నప్పుడు ఆ పిల్ల కోరిక ఏంటో నాకు తెలుసు. పాత చీరలు కత్తిరించి బొమ్మలకి గౌన్లు కుట్టేది. ఇంటర్లో బైపీసీ తీసుకుంది డాక్టర్ అవుదామని. నీట్ రెండుసార్లు రాసింది, సీటు వచ్చేంత మార్కులు రాలేదు. మూడోసారి కోచింగ్‌కి ఇంట్లో డబ్బుల్లేవు, మా బావకి స్టెంట్ వేసిన ఏడాది అది. నాలుగేళ్లలో అయిపోయి వెంటనే జీతం వచ్చే చదువు ఏదైనా ఉందా అని అక్క నాకు ఫోన్ చేసింది. నర్సింగ్ అని నేనే చెప్పాను. ఇందులో దాచుకోవాల్సింది ఏముంది? ఫోన్ చేసి అదే అడిగాను, ఉన్నది ఉన్నట్టు రాయొచ్చు కదా అని.

"నిజం రాస్తే రిజెక్ట్ చేస్తారు పిన్నీ. అందరూ సేవ అనే రాస్తారు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఉద్యోగం కోసం నేను కూడా ఆ వాక్యం మూడు ఇంటర్వ్యూల్లో చెప్పాను. ఇప్పుడు బల్లకి అటువైపు కూర్చుని కొన్ని వందల మంది పిల్లల నోట వింటున్నాను. వినే కొద్దీ నాకు ఒకటే అనిపిస్తోంది. నర్సింగ్‌లోకి రావడానికి 'సేవ' అని చెప్పి తీరాలి అనే ఈ అలవాటు నర్సులకీ మంచిది కాదు, రోగులకీ మంచిది కాదు. జీతం కోసం వచ్చాను, నా కాళ్ల మీద నేను నిలబడాలని వచ్చాను, దేశం దాటాలని వచ్చాను అని చెప్పుకోవడం తప్పు కాదు. అలా చెప్పే పిల్ల చెడ్డ నర్సు అవుతుందని మనం ఎందుకు అనుకుంటున్నామో ఒకసారి కూర్చుని ఆలోచించాలి.

గడియారం

మా ఊరు మధిర దగ్గర. అక్కడి సబ్ సెంటర్‌కి ఒక ఏఎన్ఎం ఉండేది, ఊరందరికీ నర్సమ్మ. లూనా మీద, వెనక నీలం రంగు వ్యాక్సిన్ డబ్బా కట్టుకుని వచ్చేది. ఎడమ చేతికి నల్ల బెల్టు గడియారం. దాని డయలు అందరిలా పైకి కాకుండా మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకునేది. మా నాయనమ్మకి జ్వరం వస్తే చెయ్యి పట్టుకుని, గడియారం వైపు చూస్తూ నాడి లెక్కపెట్టేది. ఆ నిమిషం సేపు ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. మా నాన్న కూడా. మా ఇంట్లో ఒక ఆడమనిషి పని చేసుకుంటుంటే మగవాళ్లు నోరు మెదపకుండా నిలబడటం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆవిడ జీతం రాగానే మధిర వెళ్లి తమ్ముడి కాలేజీ ఫీజు కట్టి వస్తుందని, ఎవర్నీ అడక్కుండా చీర కొనుక్కుంటుందని మా అమ్మ చెప్పేది. చెప్పేటప్పుడు అమ్మ చేతిలో పని ఒక్క క్షణం ఆగిపోయేది.

2001లో ఇంటర్ అయ్యాక జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో చేరాను. నాకు కావాల్సినవి మూడే: ఆ గడియారం, ఆ నిశ్శబ్దం, ఆ జీతం. రోగుల మీద ప్రేమ అప్పటికి లేదు, ఉన్నదల్లా భయం. మొదటి ఏడాది మాకు తెల్ల బట్టలు వేసి, చేతుల్లో దీపాలు పెట్టి, ఆధునిక నర్సింగ్‌కి పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద ఇంగ్లిష్‌లో ప్రతిజ్ఞ చేయించారు. ఒళ్లు పులకరించింది, అది నిజం. కానీ ఆ దీపం పట్టుకున్న చేతులతోనే మర్నాడు బెడ్‌ప్యాన్ తీయాల్సి వస్తే కళ్లు మూసుకున్నాను.

నాకు ఈ పని మీద ఇష్టం ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పగలను. చేరిన తొమ్మిది నెలలకి. పక్షవాతం వచ్చిన ఒక తాతని ఇంటి దగ్గర నెల రోజులు వెల్లకిలా పడుకోబెట్టి, ఆ తర్వాత ఆసుపత్రికి తెచ్చారు. నడుము కింద తోక ఎముక దగ్గర అరచేయంత పడక పుండు. మధ్యలో నల్లగా చచ్చిన తోలు, చుట్టూ చీము. ఆ వాసన మంచం దగ్గరికి రాకముందే తెలిసేది. మా ట్యూటర్ నా చేతికి ఫోర్సెప్స్ ఇచ్చి, సెలైన్‌తో లోపలి నుంచి బయటికి ఎలా కడగాలో చూపించింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేకపోయాను. ఆవిడ తిట్టలేదు, ఓదార్చలేదు. "రెండు గంటలకోసారి పక్క మార్చు. చేతికి గడియారం ఉందిగా" అంది.

మూడు వారాలు అదే వార్డులో నా పోస్టింగ్. ఎడమ పక్కకి, వీపుకి దిండు. రెండు గంటలకి కుడి పక్కకి. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద మడిచిన దుప్పటి. పక్క మీద ముడత లేకుండా లాగడం, ఎందుకంటే ఒక్క ముడత చాలు కొత్త పుండుకి. రోజూ గుడ్డు తినిపించడం. మూడో వారం డ్రెస్సింగ్ విప్పితే అంచుల్లో గులాబీ రంగు కండ కనిపించింది. ట్యూటర్ వంగి చూసి "గ్రాన్యులేషన్" అంది, అంతే. నేను చేసిన పనికి ఒక మనిషి ఒంట్లో కొత్త కండ పుట్టింది. ఆ రోజు హాస్టల్‌కి వెళ్లి అందరికీ చెప్పాను.

నా అనుభవం ఇది. ముందు జీతం కోసం వచ్చాను. తర్వాత పని చేతికొచ్చింది. పని చేతికొచ్చాక దాని మీద మమకారం పుట్టింది. నాతో పాటు చదివిన వాళ్లలో ఎక్కువమంది కథ ఇంచుమించు ఇదే. పెళ్లి సంబంధాల్లో చూడగానే ప్రేమ పుట్టాలని ఎవరూ అడగరు. పద్దెనిమిదేళ్ల పిల్లని మాత్రం ఇంకా ముఖం కూడా చూడని రోగుల మీద ప్రేమ చూపించమంటాం.

మైల

ఈ 'సేవ' మాట నర్సింగ్‌కి ఎలా అతుక్కుందో కూడా చూడాలి. తెలుగు నేల మీద ఈ చదువు మొదట మిషన్ ఆసుపత్రుల్లో నిలదొక్కుకుంది. అమెరికా నుంచి ఆనా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది, ఆవిడ పేరుతో ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. అలాంటి చోట్ల నర్సులుగా చేరినవాళ్లలో చాలామంది దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, వితంతువులు. మిగతా ఇళ్లలో వేరేవాళ్ల మలమూత్రాలు, చీము, నెత్తురు ముట్టుకోవడం మైల. పరాయి మగవాళ్లని తాకడం అంతకన్నా పెద్ద మైల. స్వాతంత్య్రానికి ముందు ఏడాది, 1946లో, దేశంలో ఆరోగ్య సేవల మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశం మొత్తానికి దాదాపు 7,000 మంది నర్సులున్నారు, అంటే 43,000 మందికి ఒకరు. ఇంత పెద్ద దేశంలో ఆ పని చేసే చేతులు అన్నే దొరికాయి.

మిషన్ వాళ్ల దృష్టిలో అది దేవుడి సేవ. మరి ఆ పిల్లల దృష్టిలో? నాకు పాఠం చెప్పిన ఒక పెద్ద సిస్టర్ వాళ్ల నాయనమ్మ అలా చేరిన మనిషే. "మా నాయనమ్మకి అక్షరాలొచ్చాయి, చెప్పులొచ్చాయి, ఊళ్లో మగవాళ్లు పేరు చివర 'గారు' అని పిలిచారు. అందుకే చేరింది" అని చెప్పేది. బైబిలు మీద నిండు నమ్మకం ఉన్న మనిషి ఆ సిస్టర్. అయినా ఆ వరసలో దేవుణ్ని ముందు పెట్టలేదు.

నా పెళ్లి సంబంధాల రోజుల్లో, 2006 ప్రాంతంలో, వచ్చిన ప్రతివాళ్లూ ఒకటే అడిగేవాళ్లు: నైట్ డ్యూటీలు మానేస్తుందా? ఒక సంబంధం అక్కడే ఆగిపోయింది కూడా. పదేళ్లు తిరక్కుండానే అదే రకం కుటుంబాలు మా జూనియర్లని ఏమడిగాయో తెలుసా? గల్ఫ్‌కి ట్రై చేస్తోందా, యూకే పరీక్ష రాసిందా అని. చేసే పని అదే, బెడ్‌ప్యాన్ అదే, నైట్ డ్యూటీ అదే. జీతం వచ్చాక మైల పోయింది. ఇప్పుడు నర్సింగ్ కాలేజీలో అన్ని కులాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారంటే వాళ్లలో సేవాభావం హఠాత్తుగా పెరిగిందని నేను అనుకోను. ఆ మార్పు తెచ్చింది డబ్బు. దాన్ని మనం చిన్నచూపు చూడకూడదు.

బిల్లులో ఒక లైను

2004లో నా మొదటి జీతం 2,500 రూపాయలు. ఆసుపత్రి పేరు చెప్పను. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరిన రోజే వాళ్ల బీరువాలోకి వెళ్లాయి. రెండో ఏడాది మేం నలుగురం కలిసి జీతం పెంచమని అడిగాం. మేనేజరు చాలా మెత్తగా మాట్లాడాడు. "ఇది సేవమ్మా. డబ్బు కోసం అయితే ఈ లైన్‌లోకి రాకూడదు" అన్నాడు. మేం తలలు దించుకుని బయటికొచ్చాం. ఆ రోజు ఏం జవాబు చెప్పాలో నిజంగా తెలియలేదు, ఎందుకంటే ఇంటర్వ్యూలో మేం చెప్పిన మాటే అతను మాకు తిరిగి చెప్పాడు.

ఆ ఆసుపత్రిలో డిశ్చార్జి అయ్యే ప్రతి పేషెంట్ బిల్లులో 'నర్సింగ్ చార్జీలు' అని రోజుకి ఇంత చొప్పున విడిగా ఒక లైను ఉండేది. ఆ బిల్లులు అటెండెంట్ల చేతికి ఇచ్చేది మేమే. పేషెంట్ దగ్గర అది చార్జీ. మా దగ్గరికి వచ్చేసరికి సేవ.

సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ 2016లో కొన్ని సిఫారసులు చేసింది. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రి అయినా నర్సుకి నెలకి 20,000 తగ్గకూడదని, 200 పడకలు దాటితే ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని. నా దగ్గరికి ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలు పాత జీతం ఎంతో చెబుతుంటే ఆ అంకెలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. కేరళలో నర్సులు 2017లో సమ్మెకి దిగి, 2018లో ప్రభుత్వం చేత కనీస జీతం 20,000 అని నోటిఫికేషన్ ఇప్పించుకున్నారు. వాళ్లకీ 'సేవ చేసేవాళ్లు సమ్మె చేస్తారా' అనే మాట తప్పలేదు. 2020 మే 3న హెలికాప్టర్లు మన గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లాయి. ఆ జులైలో అక్కడే ఔట్‌సోర్సింగ్ నర్సులు ఉద్యోగ భద్రత కోసం ధర్నాకి కూర్చున్నారు. పూలు చల్లినప్పుడు నేనూ ఏడ్చాను. ధర్నా జరిగిన రోజుల్లో ఆ పిల్లలకి సంఘీభావంగా నల్ల బ్యాడ్జీ కూడా పెట్టుకోలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఇంటర్వ్యూ ప్యానెల్‌లో మేం ముగ్గురం. పొద్దుటి నుంచి ముప్ఫై మంది దాకా వచ్చారు, అందరిదీ సేవే. భోజనాల ముందు ఒక అమ్మాయి వచ్చింది. నర్సింగ్ ఎందుకు అని అడిగితే, "మా నాన్న ఆటో నడుపుతారు మేడం. తమ్ముడు చదవాలి. నాకు నెలనెలా జీతం కావాలి. ఐవీ బాగా పెడతాను, దొరకని వెయిన్ కూడా పట్టుకుంటాను, కావాలంటే చూడండి" అంది. ఆ రోజు మొత్తంలో తన చేతి పని గురించి మాట్లాడింది ఆ ఒక్క పిల్లే. పక్కనున్న పెద్దావిడ ముఖం అదోలా పెట్టింది. అమ్మాయి బయటికి వెళ్లాక "ఆటిట్యూడ్ బాలేదు" అని షీటు మీద రాసింది. నేను వాదించొచ్చు. వాదించలేదు. ఆ పిల్ల కుడి చేతి చూపుడు వేలి మీద యాంప్యూల్, అంటే ఇంజెక్షన్ మందు గాజు సీసా, విరిచినప్పటి గాటు మచ్చ ఉంది, అది మాత్రం గుర్తుండిపోయింది.

మరి దయ ఎక్కడి నుంచి వస్తుంది

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఒక చేదు అనుభవం గుర్తొస్తూ ఉంటుంది. కసురుకున్న నర్సు, పిలిస్తే పలకని నర్సు. డబ్బు కోసం వచ్చినవాళ్లు అలాగే ఉంటారు, మనసున్నవాళ్లే రావాలి అంటారు. ఈ మాటని నేను తేలిగ్గా తీసిపారేయలేను. 2014లో మా నాన్నని ఒక నర్సింగ్ హోంలో చేర్చాం. రాత్రి ఒంటిగంటకి యూరిన్ బ్యాగ్ నిండిపోయిందని వెళ్లి చెబితే "చూస్తాంలే, వెళ్లండి" అని విసుక్కుంది డ్యూటీలో ఉన్న అమ్మాయి. నేను నర్సునని చెప్పకుండా ఆ బ్యాగ్ నేనే ఖాళీ చేసుకున్నాను. ఒళ్లు మండింది.

తర్వాత కారిడార్‌లో కూర్చుని లెక్కపెట్టాను. ఆ ఫ్లోర్‌లో 28 మంది పేషెంట్లు, ఆ అమ్మాయి ఒక్కతే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలి. పన్నెండు గంటల నైట్ డ్యూటీ అంటే 720 నిమిషాలు. 28 మందికి పంచితే మనిషికి పాతిక నిమిషాలు చిల్లర. అందులోనే మందులు, బీపీ, ఐవీ మార్చడం, కేస్ షీట్ రాయడం, పొద్దున హ్యాండోవర్, తను మంచినీళ్లు తాగడం. మా నాన్న వంతు పాతిక నిమిషాలు అప్పటికే అయిపోయాయేమో. ఆ అమ్మాయి స్థానంలో నిలువెల్లా సేవాభావం ఉన్న మనిషిని పెట్టినా మూడో నెలకి అలాగే విసుక్కుంటుంది. నేనూ విసుక్కున్న రోజులున్నాయి.

ఇంకో వైపు నుంచి చూడండి. నాతో ఐసీయూలో పనిచేసిన ఒక అమ్మాయి ఉండేది. ఐర్లాండ్ వెళ్లి ఇంటి అప్పు తీర్చాలి, అంతకు మించి వేరే ధ్యాస లేదని అందరికీ చెప్పేది. బ్రేక్‌లో కూడా ఫార్మకాలజీ పుస్తకమే. ఒక రాత్రి రెండింటికి ఒక పేషెంట్‌కి పొటాషియం బాగా పడిపోయింది. డ్యూటీ డాక్టరు ఎమర్జెన్సీ నుంచి ఫోన్‌లో "కేసీఎల్ ఒక యాంప్యూల్ ఇచ్చేయండి" అన్నాడు. కొత్తగా చేరిన పిల్ల యాంప్యూల్ విరిచి సిరంజిలోకి లాగి, ఐవీ పోర్టు మూత తీస్తోంది. కేసీఎల్ అంటే పొటాషియం మందు, దాన్ని కలపకుండా నేరుగా తోస్తే గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి గంటల తరబడి మెల్లగా ఎక్కించాలి. మా ఐర్లాండ్ అమ్మాయి రెండు మంచాల అవతల నుంచి చూసింది. అరవలేదు. నాలుగు అంగల్లో వచ్చి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. సిరంజి తీసుకుని ట్రేలో పెట్టి, డాక్టరుకి ఫోన్ చేసి, ఎంత సెలైన్‌లో, ఎన్ని గంటల్లో అని అడిగి, తిరిగి చదివి వినిపించి, చార్టులో టైంతో సహా రాసింది. ఆ తర్వాత కొత్త పిల్లని పక్కకి తీసుకెళ్లి, ఏడుస్తుంటే మంచినీళ్లు ఇచ్చింది.

ఆ పేషెంట్ ఎనిమిదో రోజు నడిచి ఇంటికెళ్లాడు. ఆ రాత్రి తన మంచం పక్కన ఏం జరిగిందో అతనికి తెలియదు. అతన్ని కాపాడిన మనిషి ఐర్లాండ్ కోసం చదువుకుంటోందని తెలిస్తే అతనికి ఏం నష్టం? మా వార్డులోనే రోజూ దండం పెట్టుకుని డ్యూటీ మొదలుపెట్టి, రోగులతో తియ్యగా మాట్లాడే ఇంకొకావిడ ఉండేది. పక్క మార్చకుండానే మార్చినట్టు చార్టులో రాసేది. తియ్యదనం వల్ల పుండు ఆగదు.

అలాగని దయ అక్కర్లేదనే మూర్ఖత్వం నాకు లేదు. ఈ వ్యాసం రాస్తూ చాలాసేపు ఆగిపోయింది ఇక్కడే. ముంబై కేఈఎం ఆసుపత్రిలో 1973 నవంబరులో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు మీద అక్కడ పనిచేసే స్వీపర్ దాడి చేశాడు. ఆవిడ మళ్లీ తెలివిలోకి రాలేదు. 2015 మేలో చనిపోయే దాకా, దాదాపు 42 ఏళ్లు, ఆ ఆసుపత్రి నర్సులే తరం తర్వాత తరం ఆవిడని చూసుకున్నారు. మొదట చూసినవాళ్లు రిటైర్ అయ్యారు, ఆవిడ దాడికి గురైనప్పటికి పుట్టని పిల్లలు వచ్చి ఆవిడకి అన్నం తినిపించారు. ఆవిడ ఒంటి మీద పడక పుండు పడనివ్వలేదు. పక్క మార్చడం అంటే ఏంటో తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, 42 ఏళ్లు అంటే ఎన్ని రెండు గంటలో ఊహించుకోవడానికి కూడా నాకు శక్తి చాలదు. దీనికి జీతం అనే మాట చాలదు. 2018 మేలో కేరళలో నిపా రోగికి చేసి, అదే జబ్బుతో చనిపోయిన లినీ అనే నర్సు విషయంలోనూ చాలదు. తనేం జబ్బుకి ఎదురుగా నిలబడిందో అప్పటికి ఎవరికీ తెలియదు.

అయితే కేఈఎం కథలో మనం తరచూ మర్చిపోయే ముక్క ఒకటుంది. దాడి జరగ్గానే ఆ నర్సులు సమ్మె చేశారు. అరుణకి సరైన వైద్యం, తమకి భద్రత ఉన్న డ్యూటీలు కావాలని రోడ్డెక్కారు. తమ హక్కు కోసం పని ఆపిన నర్సులకీ, 42 ఏళ్లు పక్క మార్చిన నర్సులకీ మధ్య నాకు గీత కనిపించడం లేదు. తోటి మనిషిని మనిషిగా చూడాలన్న పట్టుదల రెండింట్లోనూ ఉంది. ఆ పట్టుదల ఇంటర్వ్యూలో చెప్పించే వాక్యంలో దొరకదు. ఎన్నేళ్లు పక్కపక్కన పనిచేస్తే వస్తుందో నాకు తెలియదు గానీ, అలా పనిచేస్తేనే వస్తుంది.

వచ్చాక ఎటు

లెటర్‌లో రెండో ప్రశ్న, ముందుముందు ఏం చేస్తావు అన్నది, నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. మా అక్క కూతురు "మంచి నర్సుగా పేరు తెచ్చుకుంటాను" అని రాసింది. తన తప్పేం లేదు. వార్డులో పదిహేనేళ్లు చేసిన నర్సు ఎక్కడికి ఎదుగుతుందో ఎవరూ ఆ పిల్లకి చూపించలేదు.

మన పిల్లలకి తెలిసిన దారులు రెండే: ప్రభుత్వ ఉద్యోగం, విదేశం. తెలంగాణలో 2022 చివర 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకి నోటిఫికేషన్ పడ్డాక, పరీక్ష అయ్యే దాకా మా వార్డుల్లో పిల్లలు మందుల ట్రాలీ మీద పుస్తకం పెట్టుకుని తిరిగారు. విదేశం అంటే పరీక్షలు: ఇంగ్లిష్‌కి ఓఈటీ, అమెరికా లాంటి చోట్లకి ఎన్‌క్లెక్స్, గల్ఫ్‌కి ప్రొమెట్రిక్, ఇప్పుడు విదేశీ ఉద్యోగాలు చూపించే టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థల చలవతో జర్మన్ భాష కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్కే ప్రపంచం మొత్తం మీద 59 లక్షల మంది నర్సులు తక్కువని. అడిగేవాళ్లున్నప్పుడు వెళ్లరా?

వెళ్లడం తప్పని నేను అనలేను. కానీ ఐసీయూలో నాలుగేళ్లు నేర్పి, దొరకని వెయిన్ పట్టుకునే చెయ్యి తయారయ్యాక, ఆ చెయ్యి డబ్లిన్‌కో మ్యూనిక్‌కో వెళ్లిపోతుంటే, ఆ మంచం దగ్గర మళ్లీ నిన్న చేరిన పిల్ల నిలబడుతుంటే నాకు భయం వేస్తుంది. ఆ మంచం మీద రేపు నేనే ఉండొచ్చు. వాళ్లని ఆపడానికి మన దగ్గర ఉన్నది ఏంటి? పది నెలల నర్సుకీ పదేళ్ల నర్సుకీ జీతంలో మూడు నాలుగు వేల తేడా ఉండే చోట నేనే పనిచేశాను. 'సేవ చేయడానికేగా వచ్చావు' అని మళ్లీ అదే మాటతో ఆపలేం.

నాకు ఎదుగుదల ఆలస్యంగా దొరికింది. పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సునయ్యాను. ఇప్పుడు నా పని లెక్కలు. ఏ వార్డులో ఎవరు చేతులు కడిగారు, ఎవరు కడగలేదు, పెద్ద రక్తనాళంలోకి వేసిన ఏ సెంట్రల్ లైన్ ఎన్ని రోజులుంది, ఎవరికి జ్వరం వచ్చింది. ఈ పనిలోకి వచ్చాకే నైటింగేల్ నాకు అర్థమైంది. క్రిమియా యుద్ధంలో స్కుటారి ఆసుపత్రిలో సైనికులు గాయాల కంటే జబ్బులతో ఎక్కువమంది పోతున్నారని అంకెలతో, బొమ్మలతో నిరూపించిన మనిషి ఆవిడ. లండన్‌లో స్టాటిస్టికల్ సొసైటీకి తొలి మహిళా సభ్యురాలు. మా చేతికి ఆవిడ దీపం ఇచ్చారు గానీ ఆ లెక్కల పుస్తకం ఇవ్వలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు ఆ పుస్తకం చూపించి ఉంటే, నేను ఈ పనికి పదేళ్లు ముందే వచ్చేదాన్ని. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉందని, పాఠాలు చెప్పొచ్చని, ఆసుపత్రి మొత్తానికి రూల్స్ రాసే స్థాయికి నర్సు వెళ్లొచ్చని ఫస్ట్ ఇయర్ పిల్లలకి చెప్పాలి. ఆశ అనేది కళ్లకి కనిపించే దాని మీదే పుడుతుంది. నాకు అప్పట్లో కనిపించింది గడియారం.

ఆ గడియారం ఇప్పుడు నా చేతికి లేదు. మోచేతి కింద ఏమీ ఉండకూడదన్నది ఇన్ఫెక్షన్ కంట్రోల్ నియమం, బెల్టు కింద క్రిములు దాక్కుంటాయి. వార్డుల్లో తిరిగి కొత్త పిల్లల చేతులకున్న గడియారాలు తీయించేది నేనే. యాప్రాన్‌కి తగిలించుకునే ఫాబ్ వాచ్ ఒకటి చేతిలో పెట్టి, నాడి ఎలా చూడాలో చెబుతాను.

మా అక్క కూతురితో ఆ వారం అంతా ఫోన్లో మాట్లాడాను. మొదట ఒప్పుకోలేదు. నీ వార్డులో నీకు గుర్తుండిపోయిన ఒక పేషెంట్ గురించి చెప్పు అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, తుంటి ఎముక విరిగిన ఒక అవ్వ గురించి చెప్పింది. నలభై రోజులుందట. డిశ్చార్జి రోజు వీపు మీద గీత కూడా లేదట. "నేను, ఇంకో మేల్ నర్సు కలిసి టైం పెట్టుకుని తిప్పాం పిన్నీ. ఎవరూ చెప్పలేదు, మాకే పట్టుదల వచ్చింది" అంది. అదే రాయి అన్నాను.

శనివారం కొత్త లెటర్ పంపింది. మొదటి వాక్యం: "మా నాన్నకి గుండె జబ్బు చేసిన ఏడాది, ఇంటికి జీతం అవసరమై నేను నర్సింగ్‌లో చేరాను." రెండో పేరాలో అవ్వ ఉంది. చివర, గాయాల సంరక్షణలో ప్రత్యేక శిక్షణ తీసుకోవాలనుంది అని ఉంది.

"సేవ అని ఒక్కచోట కూడా రాయలేదు, పర్లేదా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. పర్లేదన్నాను. నిజానికి నాకూ పూర్తి ధైర్యం లేదు. అవతల చదివేవాళ్లు మా ప్యానెల్‌లోని పెద్దావిడలాంటి వాళ్లయితే ఏం చేస్తాం?

"పడక పుండుని వాళ్లు డెకుబిటుస్ అంటారట పిన్నీ" అంది ఫోన్ పెట్టేసే ముందు.

మా రోజుల్లో మేం కూడా చార్టులో డెక్యుబిటస్ అనే రాసేవాళ్లం. సోమవారం పంపించింది. ఇంకా జవాబు రాలేదు.